దూదిగొట్టం కింది గురుగు

వెంకటనర్సు ఇంట్లో పొద్దుగూకగానే నల్లటి మట్టి గురుగులు బారులు తీరి కూర్చుంటాయని పక్కింటి సత్తమ్మ చెప్పిందట. ఎవరికో ఒక్కరికే చెప్పింది, కానీ కొత్తకోట సాలెవాడలో ఒక్కరికి చెప్పడమంటే బావిగట్టు మీద అందరికీ చెప్పడమే. ఆయన వాటికి ఆముదం రాస్తాడట, మసి పూస్తాడట, పూస్తూ పూస్తూ నోట్లో ఏదో గొణుగుతాడట. గోడ మీదుగా చూసిన సత్తమ్మకు ఆ పూట ముద్ద దిగలేదట. "బాణామతి గాకపోతే గురుగులకు గంత మసి ఎందుకే?" అని అడిగిందట.

గొణుగుడు మాత్రం నిజం. ఆ తెల్లవారి కూడా వెంకటనర్సు మగ్గం గుంట గట్టున కూర్చొని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి, ఒక్కో గురుగునూ ఒళ్ళోకి తీసుకొని గుడ్డపేలికతో రుద్దుతూ, "తాగకు, తాగకు" అంటున్నాడు. మగ్గం ఎప్పుడో అమ్ముడుపోయింది. గుంట మాత్రం పూడ్చలేదు. అందులో కాళ్ళు వేస్తే తప్ప అతనికి నడుము నిలవదు. నాడె విసిరి విసిరి కుడిభుజం కొంచెం కిందికి జారింది. చెంపలు లోపలికి పోయి, ముక్కు ఒక్కటే ముఖానికి పెద్ద దిక్కులా ముందుకొచ్చింది. ఆ ముక్కుతో అతను అన్నిటినీ వాసన చూస్తాడు. భార్య ఆండాళు వడ్డించిన అన్నాన్ని, సంతలో కొన్న నూనెను, కొత్తగా వచ్చిన మనిషిని కూడా.

కుమ్మరి పెద్దులుకు తీగతో చుట్టిన కడియం ఒకటి ఇచ్చి, ప్రతి గురుగు మూతీ దానికి సరిపోవాలని చెప్పి చేయించాడు. ఇచ్చిన రోజే పెద్దులు కూడా అతన్ని ఒక చూపు చూశాడు. కొత్త మట్టి నీళ్ళు తాగుతుంది కదా. గురుగులో పడ్డ నీళ్ళలో సగం గురుగే తాగేస్తే కొలత ఏం నిలుస్తుంది? అందుకే ఆముదంలో దీపపు మసి కలిపి రుద్ది, పొయ్యి సెగన కాచి, మట్టి కళ్ళు మూస్తున్నాడు.

"పొద్దుగాల్నే గా మసి ముట్టకుమంటె ఇనవు," అంది ఆండాళు పొయ్యి దగ్గర నుంచి. "నిన్న సత్తమ్మ మనింటికి నిప్పుకు గూడ రాలే. గా మూలింటోళ్ళ దగ్గర తెచ్చుకున్నది."

"రాకపోతె మన నిప్పు మనకుంటది."

"గివి నీళ్ళు కొలిచే గురుగులని ఒక్క మాట చెప్పరాదు?"

"చెప్తె యాడ పెడతవని అడుగుతది సత్తమ్మ. సత్తమ్మకు ఎరుకైతె మిల్లు మునీంకు ఎరుకైతది."

"అయితె?"

"దూదిగొట్టం కింద గురుగు పెట్టనియ్యడు."

ఆండాళు పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. ఆమె మగడి నోరు షోలాపూరులో మూతపడింది. అది తెరిపించడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు.

షోలాపూరు మిల్లులో వెంకటనర్సు నీళ్ళ పంపుల దగ్గర పనిచేసేవాడు. ఆ మిల్లు కప్పు కింద కూడా, ఇప్పుడు పనిచేసే జిన్నింగు మిల్లులో లాగే, మంట ఆర్పే నీళ్ళ గొట్టాలుండేవి. గొట్టానికి అక్కడక్కడా ఇత్తడి పువ్వు, పువ్వు మూతికి సీసం బిరడా. మంట సెగకు బిరడా కరుగుతుంది, పువ్వులోంచి వాన కురుస్తుంది. ఒకనాడు నిజంగానే మంట లేచింది, నిజంగానే వాన కురిసింది. అంతా అయ్యాక లోపలికి పోతే పాదాలు మునిగేలా నీళ్ళు. ఒక్క మూల, పువ్వుల కింద వేలాడే రేకుగొట్టం చాటున, బల్ల మీది బూడిద పొడిగా ఉంది. చెయ్యి పెడితే లేచి ముక్కుకు తగిలింది. ఆ మూలన అతని వదిన కూర్చునేది.

అప్పటి నుంచి పైనుంచి పడే వాననైనా అతను నమ్మడు.

గంపలో గడ్డి పరిచి, గురుగులు పేర్చి, మీద తడిగుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకొని బయలుదేరాడు. ఎండాకాలపు పొద్దు అప్పుడే మాడ్చుతోంది. బెంగుళూరు సడక్ మీద లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఎదురుగా బిందెతో వస్తున్న సత్తమ్మ అతన్ని చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి, మళ్ళీ బావి వైపే నడిచింది. బిందె నిండుగా ఉంది.

జిన్నింగు మిల్లు షెడ్డులో దూది అంతా తీసేసి నేల ఊడ్చి ఉంచారు. ఉత్తరపు గోడకు కిటికీ ఒకటి. ఆ వెలుతురు కోసమే దూది ఏరే ఆడవాళ్ళు ఆ మూల కూర్చుంటారు. సరిగ్గా వాళ్ళ నెత్తి మీదుగానే దూదిగొట్టం పోతుంది. గింజ తీసిన దూదిని యంత్రం నుంచి అవతలి గదికి ఊదే రేకుగొట్టం, మనిషి దూరేంత లావు. కప్పు కింద ఇత్తడి పువ్వులు బిగించినప్పుడు అది లేదు. తర్వాత మిల్లు లెక్కలూ పనీ చూసే మునీం దశరథం తగిలించాడు. పువ్వులు పైన, గొట్టం కింద, దాని కింద ఆడవాళ్ళు. ఒకసారి తలెత్తితే ఎవరికైనా కనిపించేదే. కానీ గొట్టం విప్పి మళ్ళీ కట్టాలంటే మిల్లు ఆగాలి. అందుకని తలెత్తి చూడడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు.

నీళ్ళు నేలంతా సమంగా పడుతున్నాయని కొలిచి చూపిస్తేనే బీమా అని పోయినసారి వచ్చిన ఆఫీసరు చెప్పిపోయాడు. ఒకే మూతి గల పాత్రలు వరసగా పెట్టండి అన్నాడు. రేకు డబ్బాలు చేయిద్దామని వెంకటనర్సు అడిగితే, "ఉన్నదాంట్ల కానియ్యి," అన్నాడు దశరథం. ఇండ్లలోంచి తెచ్చిన గ్లాసులూ చెంబులూ తలా ఒక మూతితో ఉన్నాయి. అప్పుడు పుట్టినవే ఈ గురుగులు.

అతను పడుగు తాడు తీసి, ఈ గోడ నుంచి ఆ గోడకు లాగి కట్టాడు. నిలువునా కొన్ని, అడ్డంగా కొన్ని. తాడూ తాడూ కలిసిన చోటల్లా ఒక గురుగు. చూసేవాళ్ళకు అది షెడ్డంతా పరిచిన పెద్ద ముగ్గులా ఉంది. ముగ్గు కళ్ళల్లో నల్ల గురుగులు.

ఆడవాళ్ళు కిటికీ దగ్గర ముడుచుకొని నిలబడ్డారు. అందరికన్నా ముందు సుక్కమ్మ. మిల్లు పుట్టినప్పటి నుంచి ఆ మూలన కూర్చున్న మనిషి. నోట్లో పొగాకు, చేతిలో ఇత్తడి చెంబు.

"నర్సన్నా, గివి మా జాగల ఎందుకు వెడుతున్నవే?"

"అన్ని జాగలల్ల పెడుతున్న."

"అన్ని జాగలల్ల గురుగు పెట్టి, మా జాగల పెట్టేటప్పుడు మీదికి చూస్తివి, కిందికి చూస్తివి, ఒక్కొక్కల మొకం చూస్తివి. ఏంది కత?"

"జర జరుగు సుక్కమ్మా. కాలు తలుగుతది."

"కాలు తలిగితె ఏమైతది? చచ్చిపోతమా?"

వెనక ఒకామె నవ్వబోయి ఆగిపోయింది. వెంకటనర్సు తాడు ముడి మరోసారి బిగించాడు. గుమ్మంలో దశరథం నీడ పడింది. లావుపాటి మనిషి, తెల్లటి ధోవతి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో దూరం నుంచే లెక్కకట్టే కళ్ళు.

"ఏం ముచ్చట పెడుతున్నవ్ నర్సయ్యా?"

"ఏం లేదు మునీం సాబ్."

"ఏం లేనిదానికి గంతసేపా?" అని, ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "ఇనుండ్రి. ఆఫీసరు వచ్చి పోయేదాక గురుగుల మీద ఎవ్వలన్న చెయ్యి పెట్టిండ్రో, రేపటిసంది పనిల ఉండరు. సీజన్ గాని సీజన్, మల్ల నా కాళ్ళు వట్టుకుంటె గూడ ఇనను."

సుక్కమ్మ పొగాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. "మేమెందుకు ముడుతం సాబ్? ముట్టుకునేటందుకు అవేమన్న దేవుని గురుగులా?"

వెంకటనర్సు ప్రతి గురుగునూ బోర్లించి, లోపల పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ నిలబెట్టాడు. సడక్ మీద కారు హారన్ వినబడింది. దశరథం పరుగులాంటి నడకతో పోయాడు. పోతూ, "నువ్వు గూడ రా, గేటు కాడ నిలబడు," అన్నాడు. వెంకటనర్సు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూశాడు. ఆడవాళ్ళు అలాగే నిలబడ్డారు. మరీ అలాగే నిలబడ్డారు. అదొక్కటే అతనికి నచ్చలేదు. కానీ గేటు దగ్గర దశరథం మళ్ళీ పిలిచాడు.

బీమా ఆఫీసరు కళ్ళద్దాల మనిషి, మాట మెత్తన. షెడ్డు గుమ్మంలోనే నిలబడి తాళ్ళనూ గురుగులనూ చాలాసేపు చూశాడు. "బాగుందండీ. ఈ మసి ఏమిటి?" అన్నాడు. వెంకటనర్సు చెప్పాడు. ఆయన తల ఊపి, తలుపు దగ్గరి గురుగు ఒకటి తీసి లోపల వేలు పెట్టి చూసి, యథాస్థానంలో పెట్టాడు. ఆడవాళ్ళ మూల దాకా పోలేదు.

బిరడాలు ముందే విప్పి ఉన్నాయి. వెంకటనర్సు ట్యాంకు కింది చక్రం తిప్పాడు. గొట్టాలు ముందు దగ్గాయి. తర్వాత తుప్పునీళ్ళు ఉమ్మాయి. ఆ తర్వాత కప్పు కిందంతా ఒక్కసారిగా వాన పట్టుకుంది. బయట నేల నెర్రెలు బారుతుంటే లోపల మొదటివాన వాసన. గుమ్మం బయట నిలబడ్డ ఆడవాళ్ళు ఆ వాసనకు కొంగులు ముక్కుల నుంచి తీశారు. నేలంతా నీళ్ళు. తాళ్ళ మీద చుక్కలు వేలాడాయి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా అందరూ అలా చూస్తూనే ఉన్నారు.

కొలిచేందుకు అతని దగ్గర వెదురు పుల్ల ఉంది, పాత మగ్గం పన్నె నుంచి ఊడదీసింది. ఎంత తడిస్తే చాలో అక్కడ ఎర్రదారం కట్టాడు. ఒక్కో గురుగులో ముంచి, తడి ఎక్కడి దాకా వచ్చిందో చూసి, చెబుతూ పోయాడు. ఆఫీసరు వెనకే నడుస్తూ రాసుకున్నాడు. కొన్నిట్లో దారం దాటింది, కొన్నిట్లో దారం అంచుకు వచ్చి ఆగింది. కిటికీ మూల దగ్గర పడేకొద్దీ వెంకటనర్సు ముక్కు చివర చెమట పట్టింది. ఇప్పుడు చూస్తారు. ఇప్పుడు తలెత్తుతారు.

దూదిగొట్టం కింద మొదటి గురుగులో పుల్ల ముంచాడు. దారం మునిగింది.

పక్క గురుగు. దారం మునిగింది. ఆ పక్కది కూడా.

"ఇక్కడ కూడా బాగానే పడిందండీ," అన్నాడు ఆఫీసరు.

"పడదా మరి!" అన్నాడు దశరథం. గొంతులో నవ్వు పొంగింది. "గొట్టం అడ్డం, గొట్టం అడ్డమని నా చెవుల జోరీగ లెక్క సంపిండు సార్ ఈయన."

వెంకటనర్సు లేవలేదు. గురుగు ముందు గొంతుక్కూర్చొని చూస్తున్నాడు. షెడ్డులో ప్రతి గురుగు భుజం మీదా చుక్కలున్నాయి. ఆముదం పట్టిన మసి మీద నీళ్ళు ముత్యాల్లా నిలుస్తాయి. ఈ గురుగు లోపల నిండుగా ఉంది, భుజం మాత్రం పొడి. నీళ్ళు తాడునూ తడపకుండా, మూతినీ తాకకుండా, నేరుగా కడుపులోకి ఎలా వచ్చాయి? వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

పసుపు. అడుగున వేపాకు ముక్క ఒకటి.

సాక పోశారు. చెడు ఏదైనా ఉంటే చల్లబడాలని, ఊరి పొలిమేరన దేవతకు పోసినట్టు, ఆ మూలలోని గురుగులన్నిట్లో పోశారు. అతను తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. సుక్కమ్మ చెంబు కొంగు చాటున పట్టుకొని ఉంది. చెంబు అంచు మీది వేళ్ళ కొనలు పచ్చగా ఉన్నాయి. ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి. భయంతో కాదు. నువ్వేం చేస్తావో చేయి, నీ మంత్రం మా మీద పారదు అన్నట్టున్నాయి.

పొద్దున ఆమె అడిగింది, ఏంది కత అని. ఒక్క మాట చెప్పి ఉంటే! నీళ్ళు కొలుస్తున్నానమ్మా, మీ నెత్తిన వాన పడుతుందో లేదో చూస్తున్నాను అని. చెబితే దశరథానికి చేరుతుందని నోరు కట్టుకున్నాడు. కట్టుకున్న నోటికి ఇదీ ఫలం.

"ఏమైందండీ?" అన్నాడు ఆఫీసరు.

"ఈ మూల కొలత తప్పు సార్. ఇవి పైనుంచి వడ్డ నీళ్ళు కావు."

దశరథం ముఖం మారింది. వంగి గురుగులోకి చూశాడు. పసుపు చూశాడు. మెల్లగా నిలబడి ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "ఎవ్వలే?" అన్నాడు. "ఎవ్వలు చెయ్యి పెట్టిండ్రు?"

సుక్కమ్మ కొంగు కొంచెం బిగించింది.

అన్న మాట వెనక్కి తీసుకుంటే కొలత నిలుస్తుంది, మూల ఎండిపోయే ఉంటుంది. చెయ్యి చూపిస్తే సుక్కమ్మ, ఆమెతో పాటు మరో నలుగురో అయిదుగురో రేపటి నుంచి సడక్ మీద. వెంకటనర్సు పుల్లను ధోవతికి తుడిచి చెవి మీద దోపుకున్నాడు.

"నేనే పోసిన," అన్నాడు.

"నువ్వా?"

"పొద్దుగాల పెట్టేటప్పుడు పోసిన. నీళ్ళు సక్కగ వడాలని."

గుమ్మం దగ్గర ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. "నేను జెప్పలే?" అని, సాక సంగతి తెలియని ఒక గొంతు గుసగుసలాడింది. "గాయిన పనే. నేను జెప్పలే?" ఒకామె కింద మూడుసార్లు ఉమ్మింది. సుక్కమ్మ మాత్రం ఉమ్మలేదు. నోట్లో పొగాకు నమలడం ఆపింది.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెంకటనర్సును, దశరథాన్ని, గురుగును వరసగా చూశాడు. వీళ్ళలో ఎవరు ఎవరి కోసం నాటకమాడుతున్నారో తేల్చుకోలేని చూపు అది. "ఎవరు పోశారన్నది నాకు అనవసరమండీ," అన్నాడు చివరికి. "ఈ మూల చెల్లదు. మళ్ళీ కొలవాలి." ట్యాంకు చూస్తే ఖాళీ. బావిలో నీళ్ళు అడుగంటి ఉన్నాయి, నిండేసరికి ఎన్నాళ్ళు పడుతుందో. మళ్ళీ వస్తానని చెప్పి కారెక్కాడు. ఎప్పుడని చెప్పలేదు.

కారు దుమ్ము అణగక ముందే దశరథం అతని దగ్గరికి వచ్చాడు. "ఎవ్వలు పెట్టిచ్చిండ్రు నీతోని గీ పని? గా అవతలి మిల్లోళ్ళేనా? ఎన్ని దినాలసంది తిరుగుతున్నవ్ వాళ్ళ చుట్టు?"

"ఎవ్వలు పెట్టియ్యలే."

"మిల్లు సేటు తోటి నేనేం చెప్పుకోవాలె? పో. మల్ల గేటు తొక్కకు."

వెంకటనర్సు తాళ్ళు విప్పి చుట్టుకున్నాడు. అవి అతని సొంత పడుగు తాళ్ళు. గురుగులు మిల్లువంటాడేమోనని వాటి జోలికి పోలేదు.

ఇంట్లో ఆండాళుకు వార్త అతనికన్నా ముందే వచ్చింది. గుంట గట్టున కూర్చున్నవాడికి అంబలి గిన్నె ఇచ్చి ఎదురుగా నిలబడింది. అతను గిన్నెను అలవాటుగా వాసన చూశాడు.

"నువ్వు పోసినవా పసుపు నీళ్ళు?"

"ఊఁ."

"మనింట్ల పసుపు అయిపోయి ఎన్నొద్దులాయె," అంది ఆమె. "తెమ్మంటె తేకపోతివి."

అతను గిన్నెలోకి చూస్తూ అంబలి తాగాడు.

వాడలో ఆ సాయంత్రమే తలుపులు మూసుకోవడం మొదలైంది. అతను పోతుంటే పిల్లల్ని లోపలికి పిలిచారు. సత్తమ్మ గోడ మీద ముళ్ళకంప పరిచింది. మూడోనాడు పొద్దున వెంకటనర్సు దుప్పటీ, పడుగు తాళ్ళూ మూట కట్టుకొని, సడక్ మీద రాయచూరు పోయే లారీ ఆపి ఎక్కాడు. అక్కడి నుంచి రైలు, మళ్ళీ షోలాపూరే. ఆండాళు అమరచింతలోని తన తల్లిగారింటికి పోయింది. ఇంటికి తాళం పడ్డాక సత్తమ్మ కంప తీసేసింది.

మిల్లులో గురుగుల్ని ఏరి పెరట్లో పారబోశారు. ఆఫీసరు మళ్ళీ రాలేదు. కొత్తగా వచ్చిన ఫిట్టరు లింగస్వామి బిరడాలు తిరిగి బిగించే ముందు, గొట్టాల్లో తుప్పు పోవాలని ఒక పూట నీళ్ళు వదిలాడు. షెడ్డంతా వాన కురిసింది. ఆగాక, అందరికన్నా ముందు సుక్కమ్మ లోపలికి పోయింది. తన మూలకు పోయి, ఏరివేతలో గోడ వార మిగిలిపోయిన గురుగు ఒకటి ఉంటే వంగి చూసింది. లోపల ఒక్క చుక్క పడలేదు. తర్వాత తలెత్తి దూదిగొట్టాన్ని చూసింది.

ఆ గురుగును తాను కూర్చునే చోటికి, సరిగ్గా గొట్టం కిందికి జరుపుకుంది.

సీజన్ మొదలైంది. దూది వచ్చింది. ఆడవాళ్ళు కిటికీ వెలుతురులో ఏరుతూ కూర్చున్నారు. వాళ్ళ మధ్య గురుగు. లోపలి గోడన పసుపు చార ఎండి అంటుకొని ఉంది. దాని మీద దుమ్ము. దుమ్ము మీద గాలికి వచ్చి పడ్డ దూదిపోగు.

ఒకనాడు దశరథం అటు వచ్చి ఆగాడు.

"గా మంత్రగాని గురుగు ఇంక గీడనే ఉన్నదేందే? తీసి అవతల పారెయ్యి."

సుక్కమ్మ చేతిలోని దూదిలోంచి ఎండుటాకు ముక్క తీసి పక్కన వేసింది. అతని వైపు చూడలేదు.

"అండ్ల నీళ్ళు వడ్డనాడు తీస్త సాబ్."